చిన్న ప్రాణుల కోసం హావ్‌లాక్ నెమో రీఫ్: చెన్నై నుంచి కొన్నేళ్లుగా వెళ్తున్న డైవర్ సమీక్ష

డైవింగ్ అనగానే చెన్నైలో మన తెలుగువాళ్లు ముందు అడిగేది, "ఎంత లోతుకెళ్లావు?" అని. సెలవు దొరికినప్పుడల్లా అండమాన్ విమానం ఎక్కుతాను, అయినా నేను మళ్లీ మళ్లీ దిగేది హావ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) ఒడ్డు నుంచే నడిచి వెళ్లగల నెమో రీఫ్ అనే పగడాల దిబ్బ దగ్గర. చిన్న ప్రాణుల్ని చూడాలనుకుంటే పది మీటర్లు దాటనక్కర్లేదు. లోతుకు వెళ్లేకొద్దీ చూసే సమయం తగ్గిపోతుంది.

లెక్క చూడండి. మామూలు అల్యూమినియం సిలిండర్‌ను 200 బార్ల ఒత్తిడికి నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి పెరిగి ప్రతి ఊపిరికీ ఎక్కువ గాలి పడుతుంది కాబట్టి, ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 5 మీటర్ల దగ్గర 30, 20 మీటర్ల దగ్గర 60 లీటర్లు ఖర్చవుతాయి. 50 బార్లు మిగుల్చుకుని పైకి రావాలి. అంటే 5 మీటర్లలో ముప్పావుగంట దాటి ఉండొచ్చు, 20 మీటర్లలో అరగంట కూడా రాదు.

ఆ సమయమంతా ఒకేచోట గడపాలి. నాకు అన్నిటికంటే ఇష్టం ఇసుకలో గోబీ చేప, రొయ్యల కాపురం. రొయ్యకు చూపు అంతంతమాత్రం. బొరియ తవ్వడం దాని పని, కాపలా చేపది. బయటికొచ్చినంతసేపూ రొయ్య తన మీసాన్ని చేపకు ఆనించే ఉంచుతుంది. చేప తోక వణికిందా, రొయ్య లోపలికి! ముప్పు ఇంకా దగ్గరికొస్తే చేప కూడా బొరియలోకి దూకేస్తుంది. రెండు మీటర్ల దూరంలో ఆగి, మెల్లగా ఊపిరి తీస్తూ ఉంటే కాసేపటికి మళ్లీ తవ్వకం మొదలవుతుంది. ఇది చూడకుండా ఈదుకుంటూ పోయేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పువ్వులా విచ్చుకుని రాతికి అంటుకుని ఉండే ఎనిమోన్ అనే ప్రాణి దగ్గర అందరూ క్లౌన్ చేపల్ని ఫొటో తీసుకుని కదిలిపోతారు. టార్చ్ పట్టుకుని దాని అంచుల్లో వెతకండి. వేలి గోరంత పోర్సెలిన్ పీత, జాలరి వల విసిరినట్టు నోటి దగ్గరి కుచ్చులు చాచి నీళ్లలో తిండి పట్టుకుంటూ కనిపించొచ్చు. టార్చ్ పగలు కూడా కావాలి, ఎందుకంటే నీళ్లు ముందు మింగేది ఎరుపునే. పెంకు లేని నత్తలైన నూడిబ్రాంక్‌ల అసలు రంగు ఆ వెలుగులోనే తెలుస్తుంది.

లోతు తక్కువ కాబట్టి సులువు అనుకోకండి. ఒత్తిడి మార్పుకు మన దగ్గరున్న గాలి అన్నిటికంటే ఎక్కువగా ఉబ్బేదీ, కుంచించుకుపోయేదీ పైనున్న ఈ కొద్ది మీటర్లలోనే. ఊపిరి కాస్త ఎక్కువ పీల్చినా తేలిపోతాం, అలల ఊపు వేరే. తేలకుండా, మునగకుండా నిలబడటం చెన్నైలోనే స్విమ్మింగ్ పూల్‌లో బాగా సాధన చేసి వెళ్లాలి. కాళ్లకు తొడుక్కునే ఫిన్ తగిలితే పగడం విరిగిపోతుంది. నీళ్లు వెచ్చగానే ఉన్నా కదలకుండా గంటసేపుంటే చలేస్తుంది, ఒంటికి అతుక్కుని వెచ్చగా ఉంచే 3 మి.మీ. మందం వెట్‌సూట్ తప్పనిసరి.

మొదటిసారి దిగేవాళ్లని తెచ్చేదీ ఇక్కడికే. వాళ్ల కాళ్లకు ఇసుక లేచి నీళ్లు మసకబారతాయి. అందుకే నేను పొద్దున్నే దిగుతాను. పగడాలన్నీ రంగులతో మెరుస్తాయని ఆశించకండి, 2010, 2016ల్లో వేడెక్కిన నీళ్లు అండమాన్ పగడాలను బాగా దెబ్బతీశాయి.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు మొహమాటపడొద్దు. నెమ్మదిగా వెళ్తారా, ప్రాణుల్ని ముట్టుకుంటారా అని ముందే అడగండి. ఒక డైవ్ సెంటర్ గైడ్ ఫొటో కోసం నూడిబ్రాంక్‌ని పుల్లతో పొడిచాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు.

వరసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. చెన్నై టికెట్ దానికి తగ్గట్టే తీసుకోండి. నేనైతే ఆఖరి రోజు నీళ్ల జోలికి పోకుండా పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) సముద్రిక మ్యూజియం చూసుకుని బయలుదేరతాను.