మద్రాసు డిసెంబరు కచేరీలు: పగలు వినండి, మైలాపూరులో దిగండి

డిసెంబరు కచేరీలకని మద్రాసు వెళ్ళే తెలుగువాళ్ళలో ఎక్కువమంది నలుగురు పెద్ద విద్వాంసుల పేర్లు రాసుకుని, ఆ నాలుగు సాయంత్రాల టిక్కెట్ల కోసం తంటాలు పడతారు. పగలంతా పాండీ బజారు, సాయంత్రం ఆటోలో గంట, చివరికి బాల్కనీలో వెనక వరుస. సీజను రుచి తెలిసినవాళ్ళు దీన్ని తిరగేస్తారు. కచేరీలు పగలు వింటారు. సాయంత్రానికి ఒక్కటి పెట్టుకుంటారు, అదీ బసకు నడిచే దూరంలో ఉంటేనే.

ముందు తేదీలు. భారతీయ విద్యా భవన్ లాంటి చోట్ల నవంబరు ఆఖరుకే హడావిడి మొదలవుతుంది. మ్యూజిక్ అకాడమీ ఉత్సవం డిసెంబరు 15న మొదలై జనవరి 1న బిరుదులిచ్చే సదస్సుతో ముగుస్తుంది. ఆ వెంటనే మొదటి వారంలోనే అక్కడ నృత్యోత్సవం. నాలుగైదు రోజులే సెలవు దొరికితే డిసెంబరు 20 తర్వాత వెళ్ళడం మంచిది. అంతకు ముందు ఈశాన్య రుతుపవనాల బెడద ఉంటుంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను మద్రాసును ముంచి బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గూడూరు మీదుగా వెళ్ళే రైళ్ళు చాలా రద్దయ్యాయి. గది అడ్వాన్సు తిరిగి ఇస్తారో లేదో బుక్ చేసేటప్పుడే అడిగి పెట్టుకోవాలి.

విజయవాడ వైపు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగొచ్చు. స్టేషను బయట ఆటోవాళ్ళతో బేరానికి దిగకుండా రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషనుకు వెళ్ళండి. వేళచ్చేరి వైపు వెళ్ళే లోకల్ ఎక్కితే ఆరో స్టేషను తిరుమయిలై, అంటే మైలాపూరు. కపాలీశ్వరుడి గుడికి అక్కడి నుంచి పది నిమిషాల నడక. ఆ స్టేషన్లు బాగా ఎత్తు మీద ఉంటాయి, ఎస్కలేటరు పని చేస్తుందన్న నమ్మకం లేదు. పెద్ద పెట్టెలున్నా, మోకాళ్ళ నొప్పులున్నా యాప్‌లో ఆటో పెట్టుకోవడమే మేలు. ఎగ్మూరులో దిగేవాళ్ళకి గది దొరకడానికి ఇంకా టైముంటే దగ్గర్లోనే ప్రభుత్వ మ్యూజియం ఉంది. కంచు విగ్రహాల గ్యాలరీ ఒక్కటే రెండు గంటలు పడుతుంది. శుక్రవారం సెలవు.

బసకు మూడు ప్రాంతాలు చూసుకోవచ్చు. రాధాకృష్ణన్ సాలై మీద న్యూ ఉడ్‌ల్యాండ్స్, సవేరా లాంటి హోటళ్ళున్నాయి. అకాడమీకి నడిచి వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఇదే సుఖం. అయితే క్రిస్మస్ వారంలో రేట్లు పెరుగుతాయి, అక్టోబరులోపే గది పట్టుకోవాలి. టీ నగర్‌లో గదులు ఎప్పుడూ దొరుకుతాయి. కచేరీలు పెట్టే సభల్లో కృష్ణ గాన సభ, వాణీ మహల్ రెండూ అక్కడే. కానీ పొంగల్ బట్టల కొనుగోళ్ళకి ఊరంతా ఆ వీధుల్లోనే ఉంటుంది, సాయంత్రం ఆరుకి అక్కడి నుంచి బయటపడటం గగనం. మూడోది మైలాపూరు మాడవీధులు, లజ్ కార్నర్ చుట్టుపక్కల చిన్న లాడ్జీలు. గదులు ఇరుకు, వేడినీళ్ళు కొన్నిచోట్ల పొద్దున రెండు గంటలే, మార్గళి (ధనుర్మాసం) కాబట్టి తెల్లవారకముందే గుడి మైకు నిద్ర లేపుతుంది. అయినా మా ఓటు దీనికే. రసిక రంజని సభ, విద్యా భవన్, ఫైన్ ఆర్ట్స్ క్లబ్, రాగసుధ హాలు, అన్నీ నడకలోనే. లాడ్జీలో చెకౌటు 24 గంటల లెక్కనా, మధ్యాహ్నం 12కా అన్నది ముందే తేల్చుకోండి. తిరుగు రోజున ఆ తేడా తెలుస్తుంది.

ఒకే రోజు మైలాపూరు, టీ నగర్ రెండు పేటల సభలూ కలపొద్దు. మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లే, మధ్యాహ్నమైతే ఇరవై నిమిషాలు. అదే సాయంత్రం, పైగా రెండో దశ మెట్రో తవ్వకాల మళ్ళింపులతో, ముప్పావు గంట ఇట్టే పోతుంది. మొదట పాడే వర్ణం పోతే పోయింది, రాగాలాపన మధ్యలో లోపలికి వెళ్ళాల్సి వస్తే పక్కవాళ్ళ చూపులు తట్టుకోవడం కష్టం.

ఇక రోజు గడిచే తీరు. అకాడమీలో పొద్దున 8కి లెక్‌డెమ్, అంటే సోదాహరణ ప్రసంగం. టిక్కెట్టు లేదు. ఒక రాగం పాతకాలంలో ఎలా ఉండేది, ఒక బాణీలో గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) ఎలా పలుకుతుంది లాంటి విషయాలు, సాధారణంగా గంటలోపు. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితం. ఒక్కొక్కటి గంటన్నర నుంచి రెండు గంటలు. పాడేది పాతికేళ్ళ కుర్రవాళ్ళు, హాలు సగం ఖాళీ. ఇక్కడ పేరు తెచ్చుకుంటేనే సాయంత్రం వేదిక ఎక్కేది, కాబట్టి ఏడాదంతా సాధన చేసిన రాగాన్నే తెస్తారు. పెద్దవాళ్ళు అదే నెలలో పదేసి కచేరీలు చేస్తారు. నెలాఖరుకు గొంతు అలిసిపోయి, తెలిసిన పాటల మీదే నెట్టుకొచ్చే సాయంత్రాలు కొన్ని తప్పవు. పేరు చూసి డబ్బు పెట్టేముందు ఆ విద్వాంసుడికి అది ఆ సీజనులో ఎన్నో కచేరీయో షెడ్యూలులో లెక్కపెట్టుకుంటే చాలు.

తెలుగు వినేవాళ్ళకి ఇక్కడ ఒక అదనపు సుఖం, ఒక అదనపు బాధ. పాడేదాంట్లో పెద్ద భాగం మన భాషే. త్యాగరాజు, శ్యామశాస్త్రి కృతులు, నాట్యంలో క్షేత్రయ్య పదాలు. పక్కనున్న రసికుడు రాగం పట్టుకుంటాడు, మనం అర్థం కూడా పట్టుకుంటాం. బాధ నెరవల్‌లో. ఒకే పాదాన్ని పది రకాలుగా పరిచేటప్పుడు భాష రానివాళ్ళు తాళం కోసం మాటను తప్పుచోట విరుస్తారు. సంధి విడిపోయి అర్థం తలకిందులవుతుంది. భాష తెలిసి పాడేవాళ్ళెవరో అక్కడే తేలిపోతుంది.

కూర్చునే చోటు సంగతి కొంచెం వివరంగా. గాయకుడు మన వైపు తిరిగి కూర్చుంటే మృదంగం అతనికి కుడి పక్కన, అంటే మనకు ఎడమ చేతి వైపు. కుడిచేత్తో వాయించే ముఖం, అంటే నల్లని కరణి (పూత) ఉన్నది, శ్రోతల వైపు ఉండాలని ఆ ఏర్పాటు. వాయించేవాడిది ఎడమచేతి వాటమైతే మృదంగం, వయొలిన్ చోట్లు మార్చుకుంటాయి. చిన్న హాళ్ళలో ఎడమ ముందు వరుసలో కూర్చుంటే మృదంగం తప్ప మరొకటి వినపడదు, వయొలిన్ కావాలంటే కుడివైపుకు వెళ్ళాలి. పెద్ద హాళ్ళలో ముందు వరుసలకు స్పీకర్ల హోరు, బాల్కనీ కింద వెనక వరుసల్లో మాటలు ముద్దవుతాయి. హాలు మధ్యలో, మూడింట రెండొంతుల వెనక్కి, నడవా పక్క కుర్చీ మంచిది. ఏసీ చలికి శాలువా తప్పనిసరి.

తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలవగానే సగం హాలు లేచి క్యాంటీనుకు పోవడం మద్రాసు దురలవాటు. ఆ పదిహేను నిమిషాలూ కదలకండి. లేవాలంటే ప్రధాన కృతికి ముందో, చివర పాడే చిన్న పాటలు, తుక్కడాలు, మొదలయ్యేటప్పుడో, పాట ముగిసి చప్పట్లు పడుతుండగా లేవాలి.

క్యాంటీనుకు కచేరీ టిక్కెట్టు అక్కర్లేదు, భోజనానికే వచ్చిపోయేవాళ్ళు బోలెడుమంది. వంటవాళ్ళ కాంట్రాక్టు మారుతుంటుంది కాబట్టి పోయినేడు బాగున్న సభ ఈ ఏడు బాగుంటుందని చెప్పలేం. క్యూలో ముందున్నవాళ్ళని అడగడమే పద్ధతి. ఆకు భోజనానికి 12 లోపు వెళ్తే వెంటనే కూర్చోవచ్చు, ఒంటిగంటకి వెళ్తే కుర్చీ వెనక నిలబడి కాపు కాయాలి. అకాడమీలో సాయంత్రం రెండు కచేరీల మధ్య అరగంటలో మాత్రం కాఫీకి వెళ్ళొద్దు. కాఫీ చేతికొచ్చేసరికి లోపల శ్రుతి చేసుకుంటుంటారు. కారంలో మనకు చప్పగా అనిపించొచ్చు, అడై-అవియల్, కాశీ హల్వాల విషయంలో ఫిర్యాదు ఉండదు.

సంగీతంతో చెవులు నిండిపోయిన రోజున తిరువాన్మియూరు కళాక్షేత్రకు వెళ్ళొచ్చు. రుక్మిణీదేవి అరండేల్ 1936లో పెట్టిన సంస్థ. అక్కడి నాటకశాల కేరళ గుళ్ళలోని నాట్యశాల, అంటే కూత్తంబలం పద్ధతిలో కట్టింది. అదే రోజు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చోళమండలం చిత్రకారుల గ్రామం (కె.సి.ఎస్. పణిక్కర్ చొరవతో 1966లో వెలిసింది), ముట్టుకాడులో దక్షిణచిత్ర మ్యూజియం కలుపుకోవచ్చు. దక్షిణచిత్ర మంగళవారం మూసేస్తారు. ఈ రోడ్డుకి ఆటో కంటే పూటకి కారు మాట్లాడుకోవడం నయం, తిరుగు ఆటో దొరక్క ఎండలో నిలబడటం ఇక్కడ మామూలే.

తిరుగు రోజున రైలు టైమే కచేరీని నిర్ణయిస్తుంది. పినాకిని మధ్యాహ్నమే కదులుతుంది, చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మూరు నుంచి సాయంత్రమే పోతుంది. ఆ రోజుకు సాయంత్రం టిక్కెట్టు ముందే కొనిపెట్టుకుంటే ఆ డబ్బు నీళ్ళపాలే. తెల్లవారుజామున మాడవీధుల్లో మార్గళి భజన చూసి, 8కి లెక్‌డెమ్ విని, 12 లోపు ఆకు భోజనం చేస్తే, చార్మినార్ వాళ్ళకి ఇంకో మధ్యాహ్నం కచేరీ మంగళం దాకా వినే తీరిక ఉంటుంది. పినాకిని వాళ్ళు భోజనం పొట్లం కట్టించుకోవాలి.