భీమిలి ఇసుక మేట మీద సన్నముక్కు గల్

జనవరిలో ఒక ఆదివారం మా అక్క కొడుకుని తీసుకుని విశాఖలో పిట్టలు చూడ్డానికి బయల్దేరాను. పొద్దున్న ఫిషింగ్ హార్బర్, మధ్యాహ్నం భీమిలి. సముద్రపు ఒడ్డున తిరిగే గల్ పక్షుల (సీగల్స్) కోసమే వెళ్లేవాళ్లయితే రోజంతా భీమిలికే ఇవ్వండి.

హార్బర్‌లో పక్షులకు కొదవ లేదు. బోట్లలోంచి చేపలు దించుతుంటే గద్దలు, కాకులు, గోధుమతల గల్స్ ఎగబడుతున్నాయి. కానీ ఏదీ కుదురుగా నిలబడదు, వేలం సందడిలో మనమూ నిలబడలేం. "ఏటమ్మా, సేపలు కొనకండా పిట్టల్ని సూత్తన్నారు?" అని ఒకాయన నవ్వి, ఐసు పెట్టెల పక్కన చోటు చూపించాడు. అరగంట చాలు.

అక్కణ్ణుంచి బీచ్ రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. మేం ఆటో మాట్లాడుకున్నాం. వెయిటింగ్‌కి ఎంతో ముందే తేల్చుకోకపోవడంతో తిరిగొచ్చాక గొడవైంది. బస్సే నయం.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట మీద నలభై దాకా గల్స్, అన్నీ గాలికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. చలికాలంలో గోధుమతల గల్‌కి తల తెల్లబడి, కంటి వెనక నల్ల మచ్చ మాత్రం మిగులుతుంది. వాటిలో ఒకదానికి ఆ మచ్చ ఉందా లేదా అన్నంత లేతగా ఉంది. మెడ పొడుగు. నుదురు ఏటవాలుగా జారి సన్నటి ముక్కులో కలిసిపోతోంది.

"పిన్నీ, నల్లతల గల్లేమో?"

"కన్ను చూడరా. నల్లతల దానికి కన్ను నల్లగా ఉంటుంది. దీనిది లేత రంగు."

గోధుమతల పెద్ద పక్షులకీ లేత కన్నే. కాబట్టి రెక్క చూడాలి. వాటిని లేపడానికి దగ్గరికి పోవడం తప్పు. ఎంత దూరం నుంచి వచ్చాయో అవి! ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఒక కుక్క పరుగెత్తుకొచ్చింది, గుంపంతా లేచింది. గోధుమతల వాటి రెక్కల నల్లని కొసల్లో తెల్ల చుక్కలు మెరిశాయి. దీనికి చుక్కల్లేవు, రెక్క ముందంచున వెడల్పాటి తెల్ల పట్టీ ఉంది. సన్నముక్కు గల్! మన దేశంలో ఎక్కువగా గుజరాత్ తీరాన చలికాలం గడిపే పక్షి మన గోస్తనీ ఒడ్డున! నాకు చేతులు వణికాయి. ఫొటోలన్నీ పిల్లాడే తీశాడు.

ఇక్కడ సముద్రం తూర్పున కాబట్టి పొద్దున్న ఎండ కళ్లలో పడుతుంది. మూడింటి తర్వాత వెలుగు వెనక నుంచి వస్తుంది, ముక్కు రంగు కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఆటు సమయం చూసుకుని వెళ్లండి, ఇసుక బయటపడితేనే పక్షులు దిగుతాయి. నీడ లేదు, నీళ్లూ టోపీ మీవే. కుక్క పోయాక మా గల్ మళ్లీ అదే మేట మీద వాలింది. చీకటి పడేదాకా కదల్లేదు, మేమూ కదల్లేదు.