గోవిందరాజస్వామి గుడి వెనక పూజా సామాన్ల అంగడి: నాలుగు స్టార్లు

దీపావళి పూజకు పసుపు, కుంకుమ, ఒత్తులతో పాటు పదకొండు గోమతి చక్రాలు, ఇరవై గవ్వలు ఇక్కడే కొన్నాను. కర్పూరం మంచిది, డబ్బా తెరవగానే ఘాటు తెలిసింది. ధరలు న్యాయంగా ఉన్నాయి. పండగ రద్దీలో కూడా అంగడాయన ఎవరి మీదా విసుక్కోలేదు.

నాకు బాధ కలిగింది గోమతి చక్రాల దగ్గరే. "ఏటి రాయి మేడమ్, ఇంట్లో పెట్టుకుంటే శానా మంచిది" అన్నాడాయన. డబ్బా మీదా అలాగే రాసుంది. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినదాన్ని, ఊరుకోలేకపోయాను. అది రాయి కాదు, టర్బో కుటుంబానికి చెందిన సముద్రపు నత్త తన గుల్లకు వేసుకునే సున్నపు మూత. తిప్పి చూడండి. ఒకవైపు ఉబ్బెత్తుగా, రెండోవైపు చదునుగా సుడి తిరిగి ఉంటుంది. ఆ సుడి వైపే నత్త పాదానికి అంటుకుని ఉంటుంది.

ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోయి ఒడ్డు రాళ్లు ఎండకు కాలుతుంటే, అక్కడుండే ఇలాంటి నత్త లోపలికి ముడుచుకుని ఈ తలుపు వేసుకుంటుంది. ఒంట్లో తడి ఆరిపోదు. పీతలు వచ్చినా ఇదే గడియ. పోటు వచ్చాక బయటికొచ్చి ఆకురాయి లాంటి నాలుకతో రాళ్ల మీది నాచు గీక్కుని తింటుంది. పదకొండు చక్రాలంటే పదకొండు నత్తలు.

గవ్వలు ఇంటికి తెచ్చాక ఇంకా బాధేసింది. బతికున్న గవ్వ తన మెత్తటి పొరను పెంకు మీదికి కప్పుకుంటుంది, ఆ నున్నదనం దానివల్లే. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి ఇసుకకు, ఎండకు వెలిసిపోతాయి. నా పాకెట్‌లో ఒక్కదానికీ గీత లేదు. ఒకదాని పళ్ల సందులో ఎండిన మాంసం ముక్క కనిపించింది, నీళ్లలో వేస్తే వాసనొచ్చింది. బతికుండగానే ఏరారని నాకు అర్థమైంది.

2001లో కొన్ని సముద్రపు నత్తలను, గవ్వలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు. ఈ చిన్న పసుపు గవ్వలు అందులో లేవు, కాబట్టి ఎవరూ అడగరు. ఖాళీ గుల్లలే కదా అని ఏరినా నష్టమే, సన్యాసి పీతకు అదే ఇల్లు. పిల్లల్ని విశాఖ ఒడ్డుకు తీసుకెళ్లినప్పుడల్లా, తిప్పిన రాయిని మళ్లీ అలాగే బోర్లించమని వందసార్లు చెప్పేదాన్ని. దాని కిందే గుడ్లుంటాయి.

మర్నాడు గవ్వలు తీసుకెళ్లి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, పూర్తి డబ్బు తిరిగిచ్చాడు. మా అమ్మ అష్టాచెమ్మా ఆడి అరగదీసిన పాత గవ్వలతోనే పూజ చేసుకున్నాను. ఒక స్టార్ తగ్గించింది డబ్బా మీది రాత కోసమే. 'సముద్రపు నత్త మూత' అని మార్చిన రోజు అదీ ఇచ్చేస్తాను.