30 రోజుల హెవీ కోర్సు: స్టీరింగ్ చేతికొచ్చేది ఎన్ని గంటలు?

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల హెవీ లైసెన్సు నేర్పే స్కూళ్లు దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పాత ఆరు టైర్ల లారీ, ముందూ వెనకా ఎర్ర ‘ఎల్’ బోర్డు, పక్కసీటు దగ్గర రెండో బ్రేకూ క్లచ్చీ, తెల్లారకముందే మొదటి బ్యాచ్. ఇక్కడ మాట్లాడుకుంటున్నది నెల్లూరు హైవే పక్కనున్న అలాంటి ఒక స్కూలు 30 రోజుల కోర్సు గురించి. పేరు అక్కర్లేదు. దాని మంచీ చెడ్డా మిగతావాటికీ సరిపోతాయి.

చేరడానికి 20 ఏళ్లు నిండాలి, కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాది దాటాలి. 8వ తరగతి పాసవ్వాలన్న షరతు 2019లోనే తీసేశారు. ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం కావాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేడా తెలుస్తున్నాయో లేదో ఫీజు కట్టకముందే చూపించుకోవడం మేలు. ఎల్లెల్లార్ (లెర్నర్ లైసెన్సు) వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లగలరు, అది చెల్లేది 6 నెలలు. కారు లైసెన్సుకు ఇంకా ఏడాది కాలేదా? ఖాళీగా కూర్చోవద్దు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని ఎల్ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. ఒక ఏడాది అశోక్ లేలాండ్ దోస్త్ గానీ బొలెరో పికప్ గానీ తోలినవాడికి హెవీ క్యాబిన్ అంత కొత్తగా ఉండదు.

ఇక అసలు లెక్క. బ్యాచ్ గంటసేపు, క్యాబిన్లో ఎక్కేది ఐదుగురు. మనిషికి 12 నిమిషాలు. 30 రోజులు ఒక్కరోజూ మానకుండా వెళ్లినా 6 గంటలు. రవాణా వాహనానికి శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, బండి నడిపిన సమయం 15 గంటలకు తగ్గకూడదు అని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. రోజులు నిండుతున్నాయి, గంటలు మాత్రం సగం కూడా నిండడం లేదు. 2021లో తెచ్చిన గుర్తింపు శిక్షణ కేంద్రాల పద్ధతిలోనైతే హెవీకి 6 వారాల్లో 38 గంటలు. ఫీజును మీకు నిజంగా దక్కే గంటలతో భాగించి చూడండి. చవక స్కూలు ఖరీదుగా తేలుతుంది. బ్యాచ్‌కి ఇద్దరినే ఎక్కించే చోట రెండింతలు అడిగినా లాభమే.

నేర్పేవాటిలో బాగున్నది ఎయిర్ బ్రేకు పాఠం. కారు తోలినవాడు సీట్లో కూర్చోగానే తాళం తిప్పి, హ్యాండ్ బ్రేకు వదిలి, క్లచ్చి వదులుతాడు. బండి కదలదు. ఇంకాస్త యాక్సిలరేటర్ తొక్కుతాడు, క్లచ్చి మాడిన వాసన వస్తుంది. తప్పు క్లచ్చిది కాదు. లారీ పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది స్ప్రింగు, దాన్ని వెనక్కి నెట్టి చక్రాన్ని వదిలించేది గాలి. రాత్రంతా ఆగిన బండిలో గాలి దిగిపోయి ఉంటే స్ప్రింగులు చక్రాలను వదలవు. అందుకే “ముల్లు చూడబ్బయా” అని ఇన్‌స్ట్రక్టరు రోజూ అరుస్తుంటాడు. బజర్ ఆగి, గాలి గేజీ ముల్లు ఏడు దాటేదాకా చెయ్యి హ్యాండ్ బ్రేకు లివర్ మీదికి పోకూడదు. తర్వాత ఇంజను ఆపి బ్రేకు తొక్కి పట్టుకుని ఒక నిమిషం చెవి పెట్టిస్తాడు. ఎక్కడైనా బుస్సుమంటే లీకు. ట్యాంకుల కింది వాల్వు లాగి నీళ్లు వదలడం కూడా చూపిస్తాడు. వానాకాలంలో ఆ నీళ్లు గ్లాసెడు దాకా పడతాయి. వదలకపోతే అవి లైన్లలోకి చేరి వాల్వులను తినేస్తాయి.

రివర్సు ఫరవాలేదు. టెస్టులో అడుగుతారు కాబట్టి ఓపిగ్గా చేయిస్తారు. ఒకటే లోటు. రెండు డ్రమ్ముల మధ్య ఖాళీ గ్రౌండులో వెనక్కి రావడం వేరు, రైసుమిల్లు గోడౌన్లో హమాలీల మధ్య, కుడి అద్దంలో క్లీనర్ చెయ్యి మాత్రమే కనబడుతుండగా “రానీ, రానీ, హోల్డాన్” అన్న కేకను నమ్ముకుని రావడం వేరు. క్లీనర్ అద్దంలోంచి కనుమరుగైతే ఆగాలి. ఈ ఒక్క మాట కోర్సులో ఎక్కడా లేదు.

పెద్ద లోటు లోడు. నెల రోజులూ నేర్పేది ఎంప్టీ బండి మీదే. ఎంప్టీగా దాదాపు 9 టన్నులుండే పది టైర్ల లారీ లోడయ్యాక 28 టన్నులకు చేరుతుంది. ఎంప్టీలో రెండో గేరులో లేపిన బండిని లోడులో మొదటి గేరులోనే లేపాలి. ఆగే దూరమూ మారిపోతుంది. పైగా తడ నుంచి ఒంగోలు దాకా మన హైవే అంతా చదును నేల, దిగుడు అంటే ఏమిటో తెలిసే అవకాశమే లేదు. లైసెన్సు వచ్చిన కుర్రాడు గిద్దలూరు దాటి నంద్యాల వైపు నందికనమ ఘాట్‌లో మొదటిసారి దిగుతాడు, బ్రేకు తొక్కుతూనే దిగుతాడు. డ్రమ్ములు కాలి, లైనర్లు పొగలు కక్కి, ఉన్న పట్టు పోతుంది. మాటిమాటికీ తొక్కడంతో గాలి కూడా దిగిపోతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి, అదీ దిగుడు మొదలవ్వకముందే వేసుకుని. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజనుతోనే వేగం తగ్గించేది) వాడుతూ, కాలి బ్రేకు కొద్దిసేపు గట్టిగా తొక్కి వదిలేయాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసేవాడి పక్కన కూర్చోవద్దు, ఎంత సీనియరైనా సరే. దోర్నాల నుంచి శ్రీశైలం వైపు అయితే పులుల అభయారణ్యం గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటాయి, లోడు ఒప్పుకునేముందే ఆ టైము కలిపి లెక్క వేసుకోవాలి.

పట్టా (లోడు మీద కప్పే టార్పాలిన్) కట్టడం సంగతే ఎత్తరు. నెల్లూరు బియ్యం లోడు తీసుకోండి: 26 కిలోల బస్తాలు 700 అంటే 18 టన్నుల పైమాటే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ ఎప్పుడు వాన పడుతుందో తెలియదు. రెండు పట్టాలు పరిచేటప్పుడు వెనకది ముందు వేసి, ముందుది దాని మీదికి వచ్చేలా వేయాలి, పెంకుల్లాగా. తిరగేసి వేస్తే ఎదురుగాలి సందులో దూరి పట్టాను బెలూన్ చేస్తుంది, వాన నేరుగా బస్తాల్లోకి పోతుంది. ముడి లాగేకొద్దీ బిగియాలి, కొస పీకితే ఊడాలి. 30, 40 కిలోమీటర్లు పోయేసరికి బస్తాలు సర్దుకుని తాడు వదులవుతుంది. ఉత్తరాదికి వెళ్లే బండిని కావలి లోపే ఒకసారి పక్కకు తీసి బిగించుకోవాలి.

టైర్ల గురించి ఒక పూట చెబుతారు, అది చాలదు. వెనక జంట టైర్లలో లోపలిది ఫ్లాటయినా బయటిది బరువు మోస్తుంది, కంటికి తెలియదు, వేడెక్కి రెండూ పోతాయి. ఆగినప్పుడల్లా వీల్ పానాతో టైరు మీద కొట్టి శబ్దం వినాలి, గాలి ఉన్నది ఖంగుమంటుంది, లేనిది మొద్దుగా పలుకుతుంది. జంట మధ్య ఇరుక్కున్న రాయిని తీసేయాలి. చక్రం విప్పి బిగించిన తర్వాత ఓ 50 కిలోమీటర్లకు నట్లు మళ్లీ బిగించాలి.

స్కూలు బండి పాతది కావడంతో బీఎస్6 బండి జాగ్రత్తలూ రావు. 2020 ఏప్రిల్ తర్వాతి లారీలకు డీజిల్‌తో పాటు డెఫ్ (పొగలోని విషవాయువులు తగ్గించే యూరియా ద్రవం) కూడా పోయాలి. నీలం మూత ట్యాంకు దానిది. అది అయిపోతే ఇంజను బలం తానే తగ్గించుకుంటుంది, ఘాట్‌లో నిలబెట్టేస్తుంది. పొరపాటున డెఫ్‌ను డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకుండా మెకానిక్‌ను పిలవాలి. తిప్పితే పంపు, ఇంజెక్టర్లు పోతాయి.

కాగితాల పాఠం పూర్తిగా సున్నా. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపినా, జీఎస్టీ వాళ్లు ఆపినా ముందు దొరికేది డ్రైవరే. ఆర్సీ, ఎఫ్సీ (ఫిట్‌నెస్ పత్రం), పర్మిట్, ఇన్సూరెన్సు, పొల్యూషన్ ఫోన్లో డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయి. సరుకుకు ఇన్వాయిసు, ఎల్ఆర్ (లారీ రసీదు), కాటా చీటీ, విలువ 50,000 దాటితే ఈ-వేబిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ పత్రం). అందులో మన బండి నంబరే ఉందా, గడువు ఉందా అన్నది డ్రైవరు చదువుకోవాలి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువిస్తారు, 450 కిలోమీటర్ల దూరానికి మూడు రోజులు. బండి చెడి గడువు దాటేలా ఉంటే ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు, ఆ ఫోను వెంటనే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు కొట్టాలి. బండి మార్చి సరుకెక్కిస్తే ఈ-వేబిల్లులో బండి నంబరుండే పార్ట్ బి కూడా మార్పించాలి. ఓవర్‌లోడుకు చట్టంలో జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. ఎక్కువ సరుకు దింపాకే బండి కదలాలి, ఆ దింపుడు కూలీ కూడా మన నెత్తినే. కాటా వేయించకుండా గేటు దాటవద్దు.

కోర్సు అయ్యాక ఏ బండి ఎక్కాలన్నది స్కూలు చెప్పదు, మేమే చెబుతాం: బియ్యం గానీ ఎరువుల బస్తాలు గానీ మోసే పది టైర్ల బండి, సీనియరు పక్కన, కనీసం ఆరు నెలలు. ఓనరుతో ముందే బత్తా, హాల్టింగ్ (బండి ఆగిన రోజుల డబ్బు), పంక్చరు, టోలు ఎవరివో వాట్సాప్‌లో రాయించుకోండి. కృష్ణపట్నం పోర్టు బొగ్గు టిప్పర్లు ఇంటికి దగ్గరే గానీ ట్రిప్పుకింత లెక్క కావడంతో చెయ్యి కుదరకముందే వేగం అలవాటవుతుంది. వంటనూనె ట్యాంకరు సగం నిండి ఉంటే బ్రేకు వేశాక లోపలి నూనె ముందుకొచ్చి బండిని మళ్లీ నెడుతుంది. చీమకుర్తి గ్రానైటు జోలికి అసలే వద్దు. ఘనపు మీటరు దాదాపు 3 టన్నులు. 3 మీటర్ల పొడవు, 2 వెడల్పు, ఒకటిన్నర ఎత్తున్న ఒక్క దిమ్మే 27 టన్నులు. గొలుసు జారిందంటే అది వచ్చేది క్యాబిన్ మీదికే.

ఈ స్కూలుకు ఎయిర్ బ్రేకు పాఠానికి పూర్తి మార్కులు, మిగతావాటికి అంతంతమాత్రం. లైసెన్సు కాగితం కోసమే అయితే చేరొచ్చు. డబ్బు కట్టేముందు మాత్రం ఫారం 15 రిజిస్టరు చూపించమనండి. ఒక్కో శిక్షణార్థి ఏ రోజు ఎంతసేపు బండి నడిపాడో రాసేది అందులోనే. చూపించనంటే లేచి రండి. చేరాక 12 నిమిషాలు తోలిన రోజున అందులో గంట రాసి ఉంటే సంతకం పెట్టకండి.