పాత ట్రాక్టర్‌కు రెండో డీజిల్ ట్యాంకు: రేకు పని బాగుంది, పైపుల పనే దగ్గరుండి చేయించుకోవాలి

దమ్ము చక్రాలు (మాగాణి బురదలో తిప్పడానికి వేసే ఇనప చక్రాలు), ట్రాక్టర్ ట్రక్కులు చేసే వెల్డింగ్ షెడ్లలోనే పాత ట్రాక్టర్లకు రెండో డీజిల్ ట్యాంకు కూడా కట్టించుకోవచ్చు. రేకు కోయడం, అతకడం వాళ్లకు రోజూ ఉండే పని. అందుకని ట్యాంకు పెట్టె వరకూ వంక పెట్టక్కర్లేదు. ఆ పెట్టెలోని డీజిల్ ఇంజనుకు ఎలా చేరుతుందన్న దగ్గరే పని చెడుతోంది. షెడ్డువాళ్లకు తోచినట్టు వదిలేస్తే ఐదుకు రెండు మార్కులు, కింద రాసినట్టు అడిగి చేయించుకుంటే నాలుగు.

మాస్సీ 1035, మహీంద్రా 265, స్వరాజ్ 735 లాంటి బండ్లకు కంపెనీ ట్యాంకు 45 నుంచి 50 లీటర్లు. ధాన్యం తోలడానికి అది చాలు. జిగట నేలలో దమ్ము చక్రాలు వేసి తిప్పితే మాత్రం 30–40 హెచ్‌పీ ఇంజను గంటకు 4 నుంచి 6 లీటర్లు తాగుతుంది. కాలవలకు నీళ్లు వదలగానే ఆయకట్టంతా ఒక్కసారి దమ్ముకు దిగుతుంది కాబట్టి కిరాయి బండికి పొద్దున్నుంచి చీకటిదాకా ఊపిరాడదు. తెల్లవారుజామున నింపిన ట్యాంకు మధ్యాహ్నం రెండింటికల్లా అడుగంటుతుంది. అప్పుడు గట్టు మీద క్యాను మోసుకొచ్చి, వానలో, బురద చేతులతో గరాటు పెట్టి పోస్తారు. నీళ్లూ ఒండ్రూ ట్యాంకులోకి పోయేది అక్కడే, తర్వాత ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, పంపు లోపలి భాగాలు అరిగేది దానివల్లే. రెండో ట్యాంకు వల్ల గంటలు కలిసిరావడం కన్నా, బంకులో కొట్టించిన శుభ్రమైన డీజిల్ చేలో మూత తీయకుండా ఇంజనుకు చేరడమే పెద్ద లాభం.

పెట్టె కొలత 60 × 30 × 25 సెంటీమీటర్లు చెప్పండి. లెక్కకు 45 లీటర్లు, వేడికి డీజిల్ పొంగడానికి కాస్త ఖాళీ వదిలితే 42 లీటర్లు నింపుకోవచ్చు. రేకు 16 గేజి ఎమ్మెస్ (మామూలు ఇనప) షీటు సరిపోతుంది. 18 గేజి పలచన, మూలల దగ్గర అదురుకు చీలుతుంది. తుప్పు పట్టదని చెప్పి జీఐ (జింకు పూత పూసిన) రేకు అంటగడితే ఒప్పుకోవద్దు. జింకు పూత డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి జిగురవుతుంది, ఆ జిగురు ఫిల్టర్‌నీ నాజిళ్లనూ మూసేస్తుంది. రాగి పైపుదీ ఇదే ఇబ్బంది, డీజిల్‌ను త్వరగా పాడుచేస్తుంది. లోపల మధ్యలో ఒక అడ్డుపలక ఉండాలి, దాని కింది మూలలు కోసి ఉండాలి. అది లేకపోతే గట్టు ఎక్కి దిగినప్పుడల్లా డీజిల్ మొత్తం ఒక పక్కకు కొట్టుకుని అతుకులు లాగేస్తుంది. అడుగు ఒక మూలకు కాస్త వాలుగా ఉంచి, అక్కడ డ్రెయిన్ బోల్టు పెట్టించాలి. డీజిల్ బయటికొచ్చే నిపిల్ (పైపు తగిలించే మూతి) అడుగుకు 20–25 మిల్లీమీటర్లు పైన ఉంటే నీళ్లు, మడ్డి కిందే మిగిలిపోతాయి. రంగు బయటే వేయాలి, లోపల వేసిన రంగు పొరలుగా ఊడి ఫిల్టర్‌కు చేరుతుంది.

ఇక పైపుల సంగతి. చాలా షెడ్లు చేసే సులువు పని, రెండు ట్యాంకుల అడుగుల నుంచీ పైపులు తెచ్చి ఒక టీ (మూడు నోళ్ల జాయింటు) దగ్గర కలిపేయడం. పాత బండ్లలో కంపెనీ ట్యాంకు బోనెట్ కింద ఎత్తులో ఉంటుంది. కొత్తది దానికన్నా కింద కూర్చుంటుంది. టీ తెరిచి ఉంటే పైదాంట్లోని డీజిల్ కిందికి దిగి, కొత్త ట్యాంకు మూతలోంచి చేలోకి పొంగిపోతుంది. కాక్‌లు (తిప్పి మూసే కుళాయిలు) పెట్టినా ఇంకో చిక్కుంది. కింది ట్యాంకు ఖాళీ అయ్యాక కాక్ మూయడం మర్చిపోతే, ఇంజనుకు డీజిల్ లాగే ఫీడ్ పంపు అందులోంచి గాలి పీలుస్తుంది, బండి మడి నడుమ ఆగుతుంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) కొట్టి, తర్వాత పంపు దగ్గర, చివరికి నాజిల్ పైపుల దగ్గర గాలి తీస్తేగానీ మళ్లీ స్టార్టవదు. బురదలో నిలబడి చేసే పని కాదది.

కొందరు మూడు దారుల వాల్వు పెడతారు. అదీ సగం పరిష్కారమే. నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు అప్పటికీ కంపెనీ ట్యాంకులోకే పోతుంటుంది. కొత్తదాంట్లోంచి తాగుతూ పాతదాంట్లోకి వదులుతుంటే, పాతది నిండుగా ఉన్న రోజున పైనుంచి కారుతుంది.

సరైన పద్ధతి ఒక్కటే: ఇంజను ఎప్పుడూ కంపెనీ ట్యాంకు నుంచే తాగాలి, రెండోది దాన్ని నింపాలి. ఫీడ్ లైనును, రిటర్న్‌ను ముట్టుకోనక్కర్లేదు. కావలసింది గంటకు 60 నుంచి 100 లీటర్లు తోడే 12 వోల్టుల డీజిల్ పంపు, దానికి ముందు చిన్న జాలీ ఫిల్టర్, 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల డీజిల్ హోసు, స్క్రూ క్లిప్పులు, 5 ఆంపియర్ల ఫ్యూజు, డ్యాష్‌బోర్డు మీద ఎర్రబల్బున్న స్విచ్. నీళ్లలా అవతల కనపడే తెల్ల ట్యూబు వాడనివ్వద్దు, డీజిల్‌కూ ఎండకూ బిరుసెక్కి క్లిప్పు దగ్గర పగులుతుంది. పైపు మరల మీద చుట్టే టెఫ్లాన్ టేపు కూడా వద్దు, దాని పీలికలు జాలీలో ఇరుక్కుంటాయి.

కంపెనీ ట్యాంకుకు బెజ్జం వేయించకండి. ఒక స్పేర్ మూత కొని, దానికి బెజ్జం వేసి నిపిల్ నట్టుతో బిగించి, అందులోకి హోసు తేవాలి. మూతకుండే గాలి రంధ్రం అలాగే ఉండాలి. రేపు బండి అమ్మాలంటే పాత మూత పెట్టేస్తే సరి. హోసు చివర మూత దగ్గరే ఆగాలి, డీజిల్‌లో మునగకూడదు. మునిగితే, పంపు ఆపాక పైట్యాంకులోది వెనక్కి కిందికి లాగేసుకునే ప్రమాదం ఉంది. కంపెనీ ట్యాంకు డీజిల్ ముల్లు సగానికి వచ్చాక ఒకసారి 20 లీటర్లు తోడుకోవాలి, 100 లీటర్ల పంపుకు అది 12 నిమిషాల పని. నిండా ఉన్నప్పుడు స్విచ్ వేస్తే పొంగుతుంది, ఎర్రబల్బు అందుకే. బ్యాటరీ మీద నమ్మకం లేని బండికి డ్రమ్ముల మీద వాడే చేతిపంపు చాలు.

కొత్త ట్యాంకుకూ గాలి పైపు కావాలి. దాన్ని కంపెనీ ట్యాంకు మూత కన్నా ఎత్తుకు తీసుకెళ్లి, చివర కిందికి వంచి, సన్నటి జాలీ కట్టాలి. కందిరీగలు ఇలాంటి బెజ్జాల్లో మట్టి గూళ్లు పెడతాయి. గాలి పైపు మూసుకుంటే పంపు తిరుగుతుంది, డీజిల్ రాదు. పంపు పోయిందని కొత్తది కొనేముందు ఇది చూడండి.

ఎక్కడ బిగించాలన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సీటు వెనక, హైడ్రాలిక్ పైన ఖాళీ కనిపిస్తే అక్కడే పెట్టమంటారు. దమ్ములో చక్రాలు కూరుకుని ఇంజను లాగుతున్నప్పుడు ముందు భాగం పైకి లేస్తుంది, డ్రైవర్ ప్రాణం పోయేది ఆ క్షణంలోనే. వెనక మరో 50 కిలోలు పెట్టడమంటే ఆ లేపుడుకు సాయం చేయడమే. 42 లీటర్ల డీజిల్ 35 కిలోలు, రేకు 10 కిలోలు, మిగతాది ఫ్రేము. ఆ బరువు ముందు బంపర్ మీద ఉండాలి. అయితే రేడియేటర్ జాలీకి అడ్డం రాకుండా, దాని కింది అంచు కన్నా దిగువన కూర్చోవాలి. సాయంత్రానికి ట్యాంకు ఖాళీ అవుతుంది గనక దీన్ని నమ్ముకుని బండి ముందుండే వెయిట్లు (బరువు దిమ్మలు) తీసేయకూడదు.

ఫ్రేము 40 × 40 × 5 మిల్లీమీటర్ల ఇనప యాంగిల్‌తో చేసి, గట్టుకు తగిలే వైపు ఒక కమ్మీ అడ్డం వేయించాలి. ట్యాంకును ఫ్రేముకు నేరుగా వెల్డింగ్ చేస్తే అదురంతా అతుకు మీదే పడి నెర్రె ఇస్తుంది. కింద పాత టైరు ముక్కలు పరిచి, పైన రెండు ఇనప పట్టీలతో బిగించడమే మేలు. బండి మీద వెల్డింగ్ మొదలెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పించండి, లేదంటే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోవచ్చు.

డబ్బులిచ్చే ముందు పరీక్ష ఇది: అతుకుల వెంట బయట సుద్ద పూసి ఆరనిచ్చి, లోపల కొంచెం కిరోసిన్ పోసి పెట్టెను అన్ని వైపులకూ తిప్పి పెట్టాలి. సన్న బెజ్జం ఉన్నా సుద్ద మీద నల్లటి చెమ్మ తేలుతుంది. కంప్రెసర్ గాలి ఎక్కించి చూస్తామంటే వద్దనండి, పలకలు ఉబ్బుతాయి. తర్వాత రెండు లీటర్ల డీజిల్ పోసి బాగా ఊపి, గుడ్డలో వడకట్టండి. వెల్డింగ్ చిట్టెం రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ కడగాలి.

లారీల పాత ట్యాంకులు చవగ్గా దొరుకుతాయి, రేకు మంచిదే ఉంటుంది. వాటికి నిపిల్ అతికించాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. ఖాళీగా కనిపించే ట్యాంకులో డీజిల్ ఆవిరి మిగిలి ఉంటుంది, మంట తగిలితే పేలుతుంది. వేడినీళ్లు, చాకలి సోడాతో కడిగి, అతికే చోటు మినహా నిండా నీళ్లు పోసి వెల్డింగ్ చేసే మనిషికే ఇవ్వండి. ప్లాస్టిక్ క్యాన్లు బండికి కట్టుకోవడం గురించి చెప్పేదేం లేదు: వద్దు.

బండి రోడ్డెక్కుతుంది కాబట్టి మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను అది అడ్డుకుంటుంది. పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్సు వాళ్లకూ రాసివ్వడం మంచిది.

సార్వా (ఖరీఫ్) దమ్ము అయ్యాక ట్యాంకు అలా వదిలేయకండి. సగం ఖాళీ ట్యాంకులో మన తేమ గాలికి రాత్రిళ్లు నీటిచుక్కలు పడతాయి. నీళ్లూ డీజిలూ కలిసే చోట నల్లటి జిగురు పెరుగుతుంది. మొత్తం తోడేసి, డ్రెయిన్ బోల్టు విప్పి ఆరబెట్టి, మూత బిగించాలి. దాళ్వా (రబీ)కు ముందు జాలీ ఫిల్టర్ మార్చి, మొదట రెండు లీటర్లు పోసి డ్రెయిన్ లోంచి వదిలి చూశాకే నింపాలి. ఐదారు ఎకరాల సొంత చేను మాత్రమే దున్నుకునే బండికి ఈ ఖర్చు అనవసరం. మూత బిగువుగా ఉన్న రెండు 20 లీటర్ల క్యాన్లు, జాలీ ఉన్న గరాటు కొనుక్కుంటే చాలు.