రోమన్ అంకెల్లో సంవత్సరాలు: రాయడంలో మేటి, చదవడంలో మొండి

సంవత్సరాలను రోమన్ అంకెల్లోకి, రోమన్ అంకెల నుంచి మామూలు అంకెల్లోకి మార్చే ఒక ఉచిత మొబైల్ యాప్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. రాసే పనిలో దానికి వంక పెట్టడానికి లేదు. 1990 అని ఇస్తే వెయ్యికి ‘ఎం’, తొమ్మిది వందలకు ‘సి ఎం’, తొంభైకి ‘ఎక్స్ సి’ అని స్థానాలవారీగా విడదీసి చూపించి, ఆ తరువాతే అన్నిటినీ కలిపి ‘ఎం సి ఎం ఎక్స్ సి’ అని ఇస్తుంది. రెండు వేలకు పది తక్కువ కదా అని ‘ఎం ఎక్స్ ఎం’ అని రాసేవారు ఉంటారు. ఎక్స్‌ను (పది) ఎల్ (యాభై), సి (వంద) అక్షరాల ముందు మాత్రమే తీసివేతకు వాడాలని యాప్ అక్కడికక్కడే వివరిస్తుంది. పదమూడు అక్షరాలు పట్టే 1888 వంటి సంవత్సరాన్ని కూడా గుంపులుగా విడగొట్టి చూపడం వల్ల కన్ను తడబడదు.

చదివే పనికి వచ్చేసరికి ఈ కచ్చితత్వమే అడ్డుపడుతుంది. లండన్‌లోని అడ్మిరాల్టీ ఆర్చ్ అనే కట్టడం మీద 1910ని ‘ఎం డి సి సి సి సి ఎక్స్’ అని చెక్కారు (డి అంటే అయిదు వందలు). నేటి పద్ధతిలో అది ‘ఎం సి ఎం ఎక్స్’ కావాలి, నిజమే. అయినా రాతి మీద ఉన్నది ఉన్నట్టు టైపు చేసిన వారికి ‘చెల్లని సంఖ్య’ అన్న జవాబు ఎందుకు పనికొస్తుంది? అమెరికాలోని సెయింట్ లూయిస్ ఆర్ట్ మ్యూజియం మీద 1903 కోసం చెక్కిన ‘ఎం డి సి డి ఐ ఐ ఐ’కీ అదే తిరస్కారం. ఆ మాటకొస్తే రోమన్లే ఈ నియమాలకు కట్టుబడలేదు: రోమ్‌లోని ప్రాచీన క్రీడాప్రాంగణం కొలోసియం 44వ ద్వారం మీద నాలుగును నాలుగు ఐలతోనే రాశారు.

3999 దాటితే యాప్ ఆగిపోవడం లోపమేమీ కాదు, ఎందుకంటే అంతకు మించిన సంఖ్యలకు అక్షరాల మీద గీత వంటి ప్రత్యేక గుర్తులు కావాలి, సంవత్సరాలకు వాటితో పని పడదు. మార్చవలసింది చదివే భాగాన్నే: పెద్ద అక్షరం ముందు చిన్నది ఉంటే తీసివేసి, మిగిలినవన్నీ కూడితే పైన చెప్పిన రెండు శాసనాలూ సరైన సంవత్సరాలే ఇస్తాయి. ఆ జవాబు చూపించి, ఇది నేటి పద్ధతి కాదని పక్కన ఒక మాట చేర్చితే చాలు. ఆహ్వాన పత్రిక మీదో శిలాఫలకం మీదో సంవత్సరం వేయించాలనుకునేవారు దీన్ని నిశ్చింతగా వాడవచ్చు. పాత కట్టడాల మీది తేదీలు చదవాలనుకునేవారు మాత్రం ప్రస్తుతానికి చేతిలెక్కనే నమ్ముకోవాలి.