నాగార్జునకొండకు గంట చాలదు

మిర్యాలగూడ నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్ చేరేసరికి చీకటి పడింది. ఆ రాత్రి దిగిన లాడ్జిలో వేడి నీళ్లు లేవు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. బాపుకు, అంటే మా నాన్నకు, డెబ్బై దాటింది, పాపం చన్నీళ్లే పోసుకున్నాడు. నాలుగు డబ్బులు ఎక్కువైనా నీళ్ల వైపు గది తీసుకోండి.

మా మళ్లకు పారేది సాగర్ ఎడమ కాల్వే. 1967లో కాల్వకు నీళ్లు వదిలిన ముచ్చట బాపు ఇప్పటికీ చెప్తుంటాడు. ఆ నీళ్లను లాంచీ మీంచి చూడాలన్నది ఆయన కోరిక. అందుకే జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండ దీవికి లాంచీ ఎక్కాం. లాంచీ శుభ్రంగా ఉంది, లైఫ్ జాకెట్ వేసుకునేదాకా కదిలించలేదు. దిగాక ఎక్కే మెట్లు మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టమే.

"గంటలో వచ్చేయండి" అన్నారు లాంచీవాళ్లు. అక్కడే నాకు బాధేసింది. మనం దీవి అంటున్నది నిజానికి కొండ నెత్తి. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధానిగా వెలిగిన విజయపురి కింద లోయలో ఉండేది. డ్యామ్ కడితే మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మ్యూజియంలో ఆ లోయ నమూనా ఉంది. బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇదంతా మునిగితేనా మనకు నీళ్లొచ్చింది?" అన్నాడు. లేతాకుపచ్చ సున్నపురాతి శిల్పాల ముందు నిలబడటానికే అరగంట పట్టింది.

శుక్రవారం మ్యూజియం ఉండదు. నీటిమట్టం తగ్గినా, గాలి ఎక్కువైనా లాంచీలు ఆపేస్తారు, కనుక్కొని బయల్దేరండి. పులిహోర కట్టుకుపోవడం మంచిది.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్నానఘట్టం. ఒకప్పటి కృష్ణ ఒడ్డు మెట్లు ఇప్పుడు కొండ మీద ఎండకు ఎండుతున్నాయి. సింహళ (ఇప్పటి శ్రీలంక) బౌద్ధ భిక్షువులకు ఇక్కడ విహారం ఉండేది, రోమన్ నాణేలూ దొరికాయి. కృష్ణా జిల్లాలోని పాత ఓడరేవు ఘంటసాల పేరు ఇక్కడి శాసనంలో 'కంటకసేల' అని ఉంది. సముద్రం దాటి వచ్చినవాళ్లు ఇలాంటి మెట్ల మీదే కాళ్లు కడుక్కున్నారేమో! బాపు చెప్పులు విడిచి పై మెట్టు మీద కూర్చున్నాడు.

అంతలో హారన్ మోగింది. పరుగున పోయి, తర్వాతి లాంచీకి వస్తామని బతిమాలాను. ఖాళీ ఉంటే ఎక్కించుకుంటామన్నారు. తిరిగొచ్చేసరికి బాపు పులిహోర పొట్లం విప్పుతున్నాడు.